తడిసిన జిప్సం బోర్డు గోడలు ఆరబెట్టడం: శ్రీకాకుళం, విజయనగరం ఇళ్ళవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

తడిసిన గోడలు ఆరబెట్టడమే మా పని. అక్టోబరు వచ్చిందంటే మా ఫోన్లకు తీరిక ఉండదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి. 2018లో తిత్లీ ఒకరోజు ముందుగా, 11న, పలాస వైపు విరుచుకుపడింది. 2021లో గులాబ్ సెప్టెంబరు 26నే కళింగపట్నం దగ్గరకి వచ్చేసింది. తుపాను లేని ఏడాది మాకు సెలవేమీ కాదు. మేడమీద ట్యాంకు పొంగడం, ఏసీ గొట్టం మూసుకుపోవడం, బాత్‌రూం పైపు గోడలోనే పగలడం, వీటికి సీజన్ లేదు. రోజూ మమ్మల్ని అడిగేవాటికి జవాబులు ఇక్కడ రాస్తున్నాం.

మాది ఇటుక గోడల ఇల్లు. జిప్సం బోర్డు గొడవ మాకెందుకు?

ఒక్కసారి తలెత్తి చూడండి. హాల్లో ఫాల్స్ సీలింగ్ ఉందా? షాపులో, క్లినిక్‌లో, కోచింగ్ సెంటర్లో గదుల మధ్య పార్టీషన్ ఉందా? వేలితో కొట్టి చూస్తే డొల్లగా మోగేది జిప్సం బోర్డే అయివుంటుంది. రెండు కాగితాల మధ్య జిప్సం ముద్ద, దాని వెనక జీఐ ఛానళ్ళు (జింకు పూత వేసిన ఇనుప పట్టీలు), వాటి మధ్య ఖాళీ. మన రెండు జిల్లాల్లో బయటి గోడ బోర్డుతో కట్టేవాళ్ళు దాదాపు లేరు.

మూడోది ఇంకొకటి ఉంది, మాకు అన్నిటికంటే తలనొప్పి అదే. చెమ్మ పట్టి పెచ్చులూడుతున్న ఇటుక గోడను దాచడానికి దాని ముందు ఫ్రేము కట్టి బోర్డు బిగిస్తారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు. వెనక గోడ మాత్రం ఎప్పటిలాగే నీళ్ళు పీలుస్తూ ఉంటుంది. అలాంటి బోర్డును ఎన్నిసార్లు ఆరబెట్టినా డబ్బు దండగ. ముందు గోడకు చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో చూడాలి.

తుపాను వెళ్ళిపోయింది, ఎండ కూడా కాసింది. కిటికీలు బార్లా తీసి ఫ్యాన్లు వేశాం. చాలదా?

మాకు వచ్చే ఫోన్లలో సగం ఈ మాటతోనే మొదలవుతాయి. చాలదు.

ఆరడమంటే గోడలోని నీళ్ళు గాలిలోకి పోవడం. ఆ గాలే నిండుకుండలా ఉంటే నీళ్ళు పోవడానికి చోటేది? శ్రావణమాసంలో ఉతికిన దుప్పటి రెండు రోజులైనా దండెం మీదే ఉంటుంది కదా, గోడ సంగతీ అంతే. కాస్త లెక్క చెబుతాను. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి మోయగలిగేది దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరి. తేమ 80 శాతం ఉందంటే 24 గ్రాములు అప్పటికే మోస్తోంది. ఇక మిగిలింది 6 గ్రాముల చోటు. 12 అడుగులు పొడవు, 10 అడుగులు వెడల్పు, 10 అడుగులు ఎత్తు ఉన్న గదిలో గాలంతా ఒకసారి పూర్తిగా మారినా, ఆ గాలి గొంతుదాకా నిండినా, పట్టుకెళ్ళేది పావు లీటరు కూడా కాదు. నానిన బోర్డు తన బరువులో మూడో వంతు నీళ్ళు పట్టడం విడ్డూరమేమీ కాదు. 8 అడుగుల పలక ఒక్కటే పాతిక కిలోలుంటుంది. ఎన్ని లీటర్లో మీరే లెక్క వేసుకోండి.

గాలి ఆడితే కొంత ఆరుతుంది, అది అబద్ధమనడం లేదు. కానీ రాత్రికి తేమ 90 దాటుతుంది. పగలు గోడ విడిచిన దాంట్లో కొంత రాత్రి మళ్ళీ పీల్చుకుంటుంది. బోర్డుకు రెండు వైపులా ఉన్నది కాగితం, బూజుకు అది అన్నంతో సమానం. చుట్టూ గాలి 80 శాతం మీద ఉన్నంత కాలం, పైకి ఎంత పొడిగా కనిపించినా ఆ కాగితం బూజుకు సరిపడా తడిగానే ఉంటుంది. పైగా ఫ్యాను గాలి తగిలేది ముందు కాగితానికే. వెనక ఖాళీలో గాలి కదలనే కదలదు.

అందుకే మేము వచ్చి మొదట చేసే పని చూసి చాలామంది కంగారుపడతారు. కిటికీలు, తలుపులు మూసేస్తాం. తలుపు లేని చోట పాలిథిన్ షీటు కట్టేస్తాం. ఆ తర్వాతే డీహ్యూమిడిఫయర్ ఆన్ చేస్తాం, గాలిలోని తేమ లాగే మిషను అది. గదిలో ఉన్న కాస్త గాలిలోంచి నీళ్ళు లాగేస్తే, ఆ గాలి గోడలోంచి నీళ్ళు లాగుతుంది. కిటికీ తెరిస్తే బంగాళాఖాతాన్ని ఆరబెట్టే పని పెట్టుకున్నట్టే.

మిషను లేకుండా మూసిపెట్టడం మాత్రం ఇంకా పెద్ద తప్పు. మిషను వచ్చేదాకా కిటికీలు తీసే ఉంచండి, నేల మీది నీళ్ళు తోడేయండి, తడిసిన పరుపులు, తివాచీలు బయట పడేయండి.

మరి కిటికీలు అసలు తెరవకూడదా?

తెరవొచ్చు, బయటి గాలి లోపలి గాలికంటే పొడిగా ఉన్నప్పుడు. ఇక్కడ శాతాన్ని ఒక్కదాన్నే చూస్తే మోసపోతారు. బయట 25 డిగ్రీలు, 90 శాతం; లోపల 32 డిగ్రీలు, 60 శాతం. రెండిటిలోనూ ఉన్న నీళ్ళు ఇంచుమించు సమానమే, ఘనపు మీటరుకు 20 గ్రాములకు కాస్త అటూ ఇటూ. వేడి, తేమ రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటరు ఆన్‌లైన్‌లో చవకగానే దొరుకుతుంది, ఒకటి ఇంట్లో పెట్టుకోండి. డిసెంబరు, జనవరి మధ్యాహ్నాల్లో 28 డిగ్రీలు, 45 శాతం కనబడిందంటే ఆ గాలిలో 12 గ్రాములే ఉన్నట్టు. ఆ పూట మిషను ఆపి కిటికీలు తెరవడమే తెలివి. పొద్దు వాలకముందే మళ్ళీ మూసేయాలి.

ఏసీ నీళ్ళు కక్కుతుంది కదా, అది సరిపోదా?

ఏమీ లేనిదానికంటే నయం. డ్రై మోడ్‌లో పెట్టండి. కానీ ఏసీ గది చల్లబడగానే కంప్రెసర్ ఆపేస్తుంది, దానికి తేమతో పనిలేదు. గోడ చల్లబడితే నీళ్ళు ఆవిరవడం కూడా మందగిస్తుంది. డీహ్యూమిడిఫయర్ నీళ్ళు తీసి, వేడిని గదిలోకే వదులుతుంది. అందుకే అది నడిచే గదిలో ఉక్కపోతగా అనిపిస్తుంది. గోడకు కావలసింది ఆ వేడే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఏసీతో 23 డిగ్రీలకు చల్లబడ్డ గోడ మీదికి బయటి 30 డిగ్రీల, 80 శాతం గాలి వస్తే గోడకు చెమట పడుతుంది, ఆ గాలి 26 డిగ్రీల దగ్గరే నీళ్ళుగా మారుతుంది కాబట్టి. చల్లనీళ్ళ గ్లాసు చుట్టూ పట్టే నీటి చుక్కలు చూశారుగా. ఏసీ వేసి తలుపు తీసిపెట్టిన షాపుల్లో పార్టీషన్ ఏ లీకూ లేకుండానే బూజు పట్టడానికి చాలాసార్లు కారణం ఇదే.

మా బోర్డు ఆరుతుందా, కోసి పడేయాలా?

అది ఏ నీళ్ళు తగిలాయన్న దాన్ని బట్టి. ఈ వృత్తిలో ప్రపంచమంతా నీళ్ళను మూడు రకాలుగా చూస్తారు. పైపు పగిలో, వాటర్ ఫిల్టర్ లీకయ్యో వచ్చిన మంచినీళ్ళు మొదటి రకం. వాషింగ్ మెషీన్ నీళ్ళలాంటివి రెండోది. డ్రైనేజీ, నది వరద, సముద్రపు పోటు మూడోది.

మొదటి రకం అయి, ఒకటి రెండు రోజుల్లో పని మొదలైతే, బోర్డు ఉబ్బకుండా, కాగితం ఊడకుండా ఉంటే నిలబెట్టవచ్చు. రెండో రకంలో చూసి చెప్పాలి. మూడో రకంలో బేరాల్లేవు. నాగావళి పొంగి ఇంట్లోకి వచ్చినా, గెడ్డ గట్టు తెగినా, ఆ నీళ్ళలో ఏమేమి కలిసుంటాయో చెప్పనక్కర్లేదు. జిప్సం, కాగితం రెండూ వాటిని స్పంజిలా పీల్చుకుంటాయి, కడిగితే పోవు. తడిసినంత మేరా కోసి తీసేయాలి, తడికి పైన మరో అడుగు కలుపుకుని. "పైకి బాగానే ఉంది కదా బాబూ, ఆరబెట్టేయండి" అంటారు. ఆరబెడితే మురికి ఆరుతుంది, పోదు.

మంచినీళ్ళే అయినా మేము కొన్నిసార్లు వద్దనే చెబుతాం. మన దగ్గర బోర్డు, కూలీ రెండూ మరీ ఖరీదు కాదు. రెండు పలకల చిన్న పార్టీషన్ కోసం నాలుగు రోజులు మిషన్లు అద్దెకు తీసుకోవడం కంటే మార్చేయడమే చవక. ఆరబెట్టడం ఎక్కడ గిట్టుబాటు అంటే, పెద్ద హాలు, గోడల నిండా వైరింగు, ఖరీదైన ఫినిషింగ్, మూసెయ్యడానికి వీల్లేని ఆసుపత్రి, బ్యాంకు లాంటి చోట్ల. ఇలా చెప్పి మా బేరం మేమే పోగొట్టుకుంటామని మా కుర్రాళ్ళ ఫిర్యాదు.

నీళ్ళు నేల మీద నాలుగు వేళ్ళ ఎత్తే ఉన్నాయి. గోడ రెండడుగుల దాకా తడిసిందంటున్నారేంటి?

దీపం వత్తి నూనె లాగినట్టు బోర్డు కింది అంచు నుంచి నీళ్ళు పైకి లాగుతుంది. ఎంతసేపు నిలబడితే అంత పైకి పాకుతుంది. బోర్డు నేలకు ఆనించి బిగించిన చోట ఇది మరీ ఎక్కువ. బిగించేటప్పుడే నేలకూ బోర్డుకూ మధ్య అర అంగుళం సందు వదిలి స్కిర్టింగుతో (గోడ అడుగున బిగించే పట్టీతో) కప్పితే, ఇల్లు కడిగిన నీళ్ళకైనా రక్షణ దొరుకుతుంది. మేస్త్రీకి చెప్పి చేయించుకోవలసిన పని అది, అడగకపోతే చాలామంది చేయరు.

మీరు వచ్చాక వరసగా ఏం చేస్తారు?

ముందు కరెంటు. మెయిన్ ఆపేశామని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఇన్వర్టర్ ఆపరు. తడిసిన బోర్డు వెనక వైర్లలో ఇన్వర్టర్ కరెంటు నడుస్తూనే ఉంటుంది, దయచేసి అది కూడా ఆపండి.

తర్వాత బోర్డులోని తడి కొలిచే మీటరు పెట్టి తడి ఎక్కడిదాకా ఉందో పెన్సిల్‌తో గీస్తాం. పొడిగా ఉన్న మరో గదిలోని అదే రకం బోర్డును కూడా కొలుస్తాం. మన గమ్యం ఆ అంకె. పొడి దేశాల మాన్యువల్లో రాసిన అంకె దాకా దింపుతామని ఇక్కడ ఎవరైనా అంటే నమ్మకండి. మన ఊరి బోర్డు మామూలు రోజుల్లోనే కాస్త తేమగా ఉంటుంది.

స్కిర్టింగ్ ఊడదీస్తాం. దాని వెనక, మళ్ళీ బిగిస్తే కప్పుకుపోయే చోట, ఛానళ్ళ మధ్య వరసగా చిన్న రంధ్రాలు చేసి లోపలికి గాలి కొడతాం. లోపల గ్లాస్ వూల్ (గాజు దూది) ఉంటే లెక్క మారుతుంది. నానిన దూది లోపల ఆరదు, బరువుకు కిందికి జారిపోయి కూడా ఉంటుంది. బోర్డు కోసి అది తీయాల్సిందే. గోడకు వాల్‌పేపర్, వినైల్ షీటు, ఎనామెల్ పెయింటు ఉన్నా అంతే. రెయిన్‌కోటు తొడిగిన మనిషికి చెమట ఆరదు కదా. వాల్‌పేపర్ పీకేస్తాం, పెయింటయితే వెనక వైపు నుంచి ఆరబెడతాం.

బ్లోయర్లను గోడకు ఎదురుగా పెట్టం, ఓరగా పెడతాం, గాలి గోడ వెంట రాసుకుంటూ పోవాలి. డీహ్యూమిడిఫయర్ గొట్టాన్ని బకెట్లో పెట్టకుండా బాత్‌రూం జాలీ దాకా లాగుతాం. బకెట్ నిండితే మిషను ఆగిపోతుంది, అది అర్ధరాత్రి ఆగితే పొద్దున్నదాకా ఎవరికీ తెలియదు. గదిలో తేమను 40 నుంచి 50 శాతం మధ్య ఉంచాలని చూస్తాం. రోజూ ఒకే వేళకు, గీసిన చోట్లే కొలిచి రాసుకుంటాం. ఆ కాగితం మీ దగ్గరే ఉంటుంది.

ఎన్ని రోజులు పడుతుంది?

మంచినీళ్ళు, ఒక పొర బోర్డు, కరెంటు పోకుండా ఉంటే మూడు నుంచి ఐదు రోజులు. రెండు పొరల బోర్డయితే ఇంకా ఎక్కువ. వెనక ఇటుక గోడ తడిసి ఉంటే వారాల మాట, అప్పుడు బోర్డు తీసేసి ఇటుకను విడిగా ఆరనివ్వడమే మేలు.

మిషన్లు రాత్రి ఆపకండి. చప్పుడుకు నిద్ర పట్టడం లేదని ఆపేసి, మేము వచ్చే ముందు మళ్ళీ వేసేవాళ్ళున్నారు. మీటరు చెప్పేస్తుంది.

తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు ఉండదు కదా?

తిత్లీ తర్వాత ఉద్దానం ఊళ్ళు ఎన్నాళ్ళు చీకట్లో ఉన్నాయో అందరికీ గుర్తే. జనరేటర్ మీద నడపవచ్చు, కానీ జనరేటర్ ఇంటి బయటే, కిటికీలకు దూరంగా ఉండాలి. వరండాలో కూడా వద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మూసిన ఇంట్లో మనుషుల్ని నిద్రలోనే తీసుకుపోతుంది. జనరేటర్ దొరక్కపోతే నీళ్ళు తోడటం, స్కిర్టింగ్ తీయడం, తడి గ్లాస్ వూల్ బయటికి లాగడం కరెంటు లేకుండానే చేయగలిగిన పనులు. సగం యుద్ధం అక్కడే గెలుస్తాం.

హీటర్లో, హ్యాలోజెన్ లైట్లో పెడితే త్వరగా ఆరదా?

వద్దు. జిప్సం బరువులో దాదాపు 21 శాతం నీళ్ళే. అవి తడి నీళ్ళు కావు, ఆ రాయి పుట్టుకతో దానిలో కలిసిపోయినవి. గట్టిగా, ఎక్కువసేపు వేడి తగిలితే ఆ నీళ్ళు కూడా పోయి జిప్సం పిండిలా రాలుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తయారుచేసేది సరిగ్గా అలాగే, జిప్సాన్ని కాల్చి. హ్యాలోజెన్ లైటు దగ్గరగా పెట్టిన చోట కాగితం గోధుమరంగుకు తిరిగి, వేలు పెడితే లోపలికి దిగిపోయిన గోడ ఒకటి చూశాం. గోడ దగ్గర 40 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే చాలు.

బూజు వచ్చేసింది. బ్లీచింగ్ పౌడర్ కొడితే పోతుందా?

మచ్చ పోతుంది, బూజు పోదు. బూజు వేళ్ళు కాగితం లోపలిదాకా దిగి ఉంటాయి, బ్లీచింగు పైపైనే తెల్లబరుస్తుంది, పైగా దాంట్లోని నీళ్ళు మళ్ళీ బోర్డును తడుపుతాయి. బాత్‌రూం యాసిడ్‌తో కలిపి మాత్రం చచ్చినా వాడకండి, క్లోరిన్ విషవాయువు వస్తుంది. బోర్డు కాగితంలోకి బూజు దిగితే ఆ ముక్క కోసేయడమే. N95 మాస్కు పెట్టుకుని, గదిలో ఫ్యాన్లు ఆపి, కోసిన ముక్కను అక్కడే కవరులో కట్టి బయటికి తీసుకెళ్ళాలి. బూజున్న గోడ మీదికి ఫ్యాను పెట్టడమంటే ఇల్లంతా విత్తనాలు చల్లడమే. ఉబ్బసం ఉన్నవాళ్ళు, చంటిపిల్లలు ఆ పూట వేరే ఇంట్లో ఉంటే మంచిది.

కంటికి కనబడకపోయినా స్విచ్ బోర్డు దగ్గర ముక్కిపోయిన వాసన వస్తోందంటే గోడ లోపల మొదలైనట్టే. తడిసిన ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొలకెత్తగలదు, మా తొందరంతా అందుకే.

మాది సముద్రం ఒడ్డున. ఉప్పునీళ్ళు వచ్చాయి.

భావనపాడు అయినా, కోనాడ అయినా సమాధానం ఒకటే, బోర్డు తీసేయాలి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీళ్ళు పీల్చి కరుగుతుంది, వానాకాలంలో ఉప్పు డబ్బా చూస్తే తెలుస్తుంది. ఉప్పెక్కిన గోడ ఆరినట్టే ఆరి, ముసురు పట్టగానే మళ్ళీ చెమ్మగిల్లుతుంది. జీఐ ఛానళ్ళు, స్క్రూలు కూడా తుప్పు పడతాయి. బోర్డు మీద వరసగా గోధుమరంగు చుక్కలు కనబడితే అవి స్క్రూ తలలు.

ఫాల్స్ సీలింగ్ పొట్టలా ఉబ్బి వేలాడుతోంది.

కింద ఎవరూ నిలబడకండి. సీలింగ్ లైట్ల కరెంటు ఆపి, కింద టబ్బు పెట్టి, కాస్త ఎడంగా నిలబడి పొడవాటి స్క్రూడ్రైవర్‌తో ఉబ్బిన చోట చిన్న కన్నం చేస్తే నీళ్ళు దిగుతాయి. అలా వంగిపోయిన బోర్డు ఆరాక కూడా సాపు కాదు, మార్చాల్సిందే.

పచ్చ బోర్డు వేయించాం, అది వాటర్‌ప్రూఫ్ కదా?

కాదు. తేమను తట్టుకుంటుందంతే. వాటిలో మేలురకం రెండు గంటలు నీళ్ళలో ముంచినా బరువులో 5 శాతానికి మించి పీల్చదు. మన వాతావరణానికి అదే వేయించుకోమంటాం. కానీ వరదలో రెండు రోజులు నిలబడ్డాక పచ్చదైనా, తెల్లదైనా ఒకటే.

ఇన్సూరెన్స్ ఇస్తుందా?

2021 ఏప్రిల్ నుంచి ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను, వరద, ట్యాంకులు, పైపులు పగిలి పొంగడం వల్ల ఇంటికి జరిగే నష్టం కవరవుతుంది. ఏళ్ళ తరబడి ఊరిన చెమ్మకు మాత్రం ఇవ్వరు. బోర్డు కోసేముందు ఫోటోలు తీయండి, నీటి గీత కనబడేలా, పక్కన టేపు పెట్టి. కోసిన ముక్కల్లో ఒకటి సర్వేయరు వచ్చేదాకా పెరట్లో ఉంచండి. మేము రాసే రోజువారీ కొలతల కాగితం కూడా జతచేయండి. పాలసీ ఉన్న సంగతే గుర్తులేనివాళ్ళు ఎక్కువ. హోమ్‌లోన్ తీసుకునేటప్పుడు చాలామందికి ఏదో ఒక పాలసీ చేయిస్తారు, ఆ ఫైలు ఒకసారి తీసి చూడండి.

డీహ్యూమిడిఫయర్ మేమే కొనుక్కోవచ్చా?

కొనుక్కోండి, బీరువాల్లో పట్టుచీరలకు కూడా పనికొస్తుంది. కానీ పెట్టె మీద "రోజుకు 50 లీటర్లు" అని ఉంటే దాని కింద చిన్న అక్షరాలు చదవండి. చాలా మిషన్లకు ఆ అంకె 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర కొలిచింది. గది 50 శాతానికి దిగాక అదే మిషను అందులో సగం తీయడం కూడా కష్టమే. అల్మారాలో వేలాడదీసే తేమ పొట్లాలు గోడలకు పనికిరావు.

గోడ ఆరింది. పెయింటు ఎప్పుడు వేయాలి?

చేత్తో తాకి చెప్పొద్దు. మా తొలి రోజుల్లో విజయనగరంలో ఒక క్లినిక్ పార్టీషన్‌ను అలాగే తాకి చూసి, పొడిగా ఉందని పుట్టీ, పెయింటు వేయించేశాం. సిరిమానోత్సవానికి ముందు పని అయిపోవాలని వాళ్ళ తొందర, మాకూ టెన్షన్. నెల తిరక్కుండా పెయింటు బుడగలు లేచింది, మళ్ళీ మా ఖర్చుతోనే చేశాం. అప్పటినుంచి మిషన్లు ఆపాక ఒకరోజు వదిలి మళ్ళీ కొలుస్తాం. అంకె పెరగలేదంటేనే పుట్టీ. పుట్టీ తనంతట తాను ఆరడానికి కూడా తేమ అడ్డమే కాబట్టి డీహ్యూమిడిఫయర్‌ను పుట్టీ ఆరే రెండు రోజులూ అక్కడే వదిలేసి వెళతాం, దానికి అద్దె తీసుకోం.